వీసా చూసి ఇచ్చే సాయం, వీసా అడగని సాయం: మెల్‌బోర్న్‌లో ఉన్న ఒక తెలుగు కుటుంబానికి జవాబు

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ముందుగా చెప్తాను. పొరపాటు ఉంటే సరిదిద్దండి. మీరు నెల్లూరు జిల్లా నుంచి 482 వీసా (యజమాని స్పాన్సర్ చేసే తాత్కాలిక ఉద్యోగ వీసా) మీద మెల్‌బోర్న్ వచ్చి రెండేళ్లు కావస్తోంది. ఒక రెస్టారెంటులో షెఫ్‌గా వారానికి ఆరు రోజులు, మొత్తం అరవై గంటలకు పైగా పనిచేస్తున్నారు. జీతం కాగితంలో రాసినట్టే బ్యాంకులో పడుతుంది గానీ, అందులో కొంత సొమ్మును పదిహేను రోజులకొకసారి యజమానికి నగదుగా తిరిగి ఇవ్వాలి. అలా ఇస్తూ ఉంటేనే పర్మనెంట్ రెసిడెన్సీకి స్పాన్సర్ చేస్తానని ఆయన అంటున్నారు. పడమటి శివారు టార్నీట్‌లో అద్దె ఇల్లు, ఏడు నెలల పాప. ఊళ్లో టీచరుగా పనిచేసిన మీ భార్య కొన్ని వారాలుగా సరిగా తినడం లేదు, పాప నిద్రపోయినా తాను నిద్రపోవడం లేదు, పాప ఏడుస్తున్నా వినపడనట్టు కూర్చుంటున్నారు. "మెడికేర్ (ప్రభుత్వ వైద్య బీమా) లేదు, నోరు తెరిస్తే వీసా పోతుంది, మనవాళ్లకు తెలిస్తే పరువు పోతుంది. అన్నీ సర్దుకుని వచ్చేయడం తప్ప వేరే దారి లేదా అక్కా?" అని అడిగారు.

నేను ఈ ఊరి పడమటి శివార్లలో పంతొమ్మిదేళ్లుగా ఉంటున్నాను. అందులో పదకొండేళ్లు కొత్తగా వచ్చిన కుటుంబాలకు దారి చూపించే ఉద్యోగం చేశాను. నేను వకీలును కాను, డాక్టరును కాను. ఎవరి దగ్గరకు, ఏ వరుసలో, ఏ కాగితాలు పట్టుకుని వెళ్లాలో చెప్పడమే నా పని కాబట్టి ఈ జవాబును కూడా ఆ మేరకే తీసుకోండి.

ఇక్కడ దొరికే ప్రతి సాయాన్నీ వీసాకు ముడిపెట్టి చూడడం మనవాళ్లు చేసే పెద్ద పొరపాటు. కొన్ని సాయాలు నిజంగానే వీసా చూసి ఇస్తారు. సెంటర్‌లింక్ అనే ప్రభుత్వ కార్యాలయం ఇచ్చే భృతి డబ్బు, మెడికేర్ కార్డు, పిల్లల సంరక్షణ కేంద్రాలకిచ్చే సబ్సిడీ అటువంటివి. తాత్కాలిక వీసా మీద ఉన్న మనకు ఇవి దాదాపు అందవు. భారతదేశంతో ఆస్ట్రేలియాకు పరస్పర వైద్య ఒప్పందం లేదు కాబట్టి మెడికేర్ రాదు. పర్మనెంట్ రెసిడెన్సీ వచ్చిన తరువాత కూడా నిరుద్యోగ భృతి వంటి వాటి కోసం నాలుగేళ్లు ఆగాలి. అయితే పర్మనెంట్ వీసాకు దరఖాస్తు పెట్టి, పనిచేసే హక్కు ఉన్నవారు ఆ వీసా చేతికి రాకముందే మెడికేర్‌లో చేరవచ్చు. ఈ సంగతి తెలియక రెండు మూడేళ్లు ప్రైవేటు బీమా కడుతూ పోయినవాళ్లను నేను చూశాను. వీసా అడగని సాయాలు వేరే ఉన్నాయి. పనివాడిగా మీకున్న హక్కులు, పసిబిడ్డ తల్లికి దొరికే నర్సు సేవ, ఫోన్‌లో దొరికే దుబాసీ, ఉచిత న్యాయ సలహా, ఊరి లైబ్రరీ ఈ కోవలోకి వస్తాయి. మీరు మొదటి రకం తలుపులు మూసి ఉండడం చూసి రెండో రకం తలుపులను తట్టకుండానే వెనుదిరుగుతున్నారు. మీ ఇంట్లో ఉన్న రెండు కష్టాలకూ మందు ఈ రెండో రకంలోనే ఉంది.

మీరు ఉద్యోగం గురించి నాలుగు పేరాలు రాసి, భార్య గురించి నాలుగు వాక్యాలు రాశారు. నేను దాన్ని తిరగేసి, ముందు ఆవిడ సంగతి చెప్తాను. జీతం సంగతి మూడు వారాలు ఆగినా ఫరవాలేదు. ఇది ఆగకూడదు.

మన దగ్గర తొలి పురుడు పుట్టింట్లో పోస్తారు. బాలింతకు వేళకు వేడి అన్నం పెట్టేవాళ్లు, బిడ్డకు కాళ్ల మీద వేసుకుని నీళ్లు పోసేవాళ్లు, "నువ్వు కాసేపు పడుకో, నేను చూసుకుంటాలే" అనేవాళ్లు ఇంటినిండా ఉంటారు. ఆ ఏర్పాటును మనం ఆచారం అని ఒక్క మాటలో తేల్చేస్తాం గానీ, అది తల్లి మనసును కాపాడే పద్ధతి కూడా. మీ భార్య ఆ నెలలన్నీ ఒక్కరే గడిపారు. మీరు ఉదయం పదింటికి వెళ్లి అర్ధరాత్రికి వస్తే, ఆవిడ రోజుకు పద్నాలుగు గంటలు పెద్దమనిషి గొంతు వినకుండా ఉన్నట్టు లెక్క. (సాంబ్రాణి ధూపం వేయబోతే స్మోక్ అలారం మోగి భయపడిపోయామని చెప్పిన బాలింతలు ఒకరిద్దరు కారు. ఇక్కడి ఇల్లు కూడా మన పురిటిని ఒప్పుకోదు.) ఆవిడకు వచ్చింది సోమరితనమూ కాదు, పాప మీద ప్రేమ లేకపోవడమూ కాదు. మీరు చెప్పిన గుర్తులు కాన్పు తరువాత వచ్చే కుంగుబాటును పోలి ఉన్నాయి. అవునో కాదో తేల్చవలసింది వైద్యులు. అది సాధారణంగా వచ్చే జబ్బే, నయమయ్యే జబ్బే.

విక్టోరియా రాష్ట్రంలో పసిపిల్లలున్న ప్రతి కుటుంబానికీ మెటర్నల్ అండ్ చైల్డ్ హెల్త్ నర్సు సేవ ఉంటుంది. పుట్టిన నాటి నుంచి బడిలో చేరే దాకా ముఖ్యమైన వయసుల్లో పది సందర్శనలు ఉంటాయి, రుసుము లేదు. పాప పుట్టినప్పుడు ఆసుపత్రి వాళ్లు మీ కౌన్సిల్‌కు సమాచారం పంపే ఉంటారు, ఒక నర్సు ఒకసారి ఇంటికి వచ్చే ఉంటారు. ఆ తరువాత మీరు వెళ్లడం మానేశారేమో. వెళ్లనందుకు ఎవరూ మందలించరు. మీ ప్రాంతపు స్థానిక సంస్థ విండమ్ కౌన్సిల్‌కు ఫోన్ చేసి "పాప సందర్శన తప్పిపోయింది, తల్లి ఆరోగ్యం గురించి కూడా మాట్లాడాలి" అంటే చాలు. రాత్రి రెండు గంటలకు అవసరమైనా 13 22 29 అనే నంబరులో రోజంతా నర్సులు దొరుకుతారు.

ఆ నర్సు పాప బరువు, పొడవు చూడడంతో పాటు తల్లిని పది ప్రశ్నలు అడగవచ్చు. 1987లో ఎడిన్‌బరోలో తయారైన ఆ ప్రశ్నావళిని ఇప్పుడు ఎన్నో దేశాల్లో వాడుతున్నారు. గడిచిన ఏడు రోజుల్లో నవ్వగలిగారా, కారణం లేకుండా మిమ్మల్ని మీరు నిందించుకున్నారా, నిద్ర పట్టనంత దిగులు కలిగిందా, ఇటువంటివే ఉంటాయి. చివరి ప్రశ్న మాత్రం తనకు తాను హాని చేసుకోవాలన్న ఆలోచన వచ్చిందా అని. మన ఆడవాళ్లు ఆ పదో ప్రశ్న దగ్గర అలవాటుగా "లేదు" అనేస్తారు, అందునా భర్త పక్కన కూర్చుని ఉంటే మరీను. కాబట్టి ఆ సమయంలో పాపను ఎత్తుకుని మీరు బయటికి నడవండి, ఆవిడను నర్సుతో ఒంటరిగా మాట్లాడనివ్వండి.

ఇక్కడ ఇద్దరికీ ఉండే భయం ఒకటుంది. "నిజం చెప్తే పిల్లను లాక్కుపోతారట" అని. పిల్లలకు హాని జరుగుతోందని నమ్మకం కలిగితే నర్సులు ప్రభుత్వానికి తెలపవలసిన బాధ్యత ఉన్న మాట నిజమే. తల్లి దిగులుగా ఉండడం, సాయం అడగడం ఆ లెక్కలోకి రావు. పైగా ఈ రాష్ట్రంలో వ్యవస్థ ఆలోచించే తీరు తల్లినీ బిడ్డనీ విడదీయకుండా చూడడమే. మీకు దగ్గరలోని వెరిబీ మెర్సీ ఆసుపత్రిలో తల్లీబిడ్డలను కలిపి చేర్చుకుని వైద్యం చేసే విభాగం ఉంది. ఫుట్‌స్క్రేలోని ట్వెడిల్ కేంద్రంలో పాప నిద్ర, పాలు, తల్లి అలసట వంటి వాటికి కుటుంబాన్ని కొద్ది రోజులు ఉంచుకుని నేర్పిస్తారు. అక్కడికి నర్సే దారి చూపగలరు. మెడికేర్ లేనివారికి రుసుము ఎంతో, మీ బీమా ఎంత భరిస్తుందో వెళ్లే ముందే అడగండి.

భాష అడ్డంకి అనుకోవద్దు. 131 450 నంబరులో టిస్ నేషనల్ అనే దుబాసీ సేవ ఉంది. తెలుగు అని చెప్తే తెలుగు మనిషినే లైనులోకి తెస్తారు. చాలా ప్రభుత్వ సేవలకు ఆ ఖర్చు మీ మీద పడదు. "మన ఊరివాళ్లే దుబాసీగా వస్తే?" అని ఒక ఇల్లాలు నన్ను అడిగింది. అది సహజమైన భయమే. 2021 జనాభా లెక్కల నాటికి ఈ దేశం మొత్తం మీద ఇంట్లో తెలుగు మాట్లాడేవారు సుమారు 59 వేలు, కాబట్టి ఎవరికి ఎవరు తెలుసో చెప్పలేం. ఆడ దుబాసీ కావాలని, వేరే రాష్ట్రంలో ఉన్నవారు కావాలని, ఫోన్‌లోనే కావాలని, తన పేరు చెప్పవద్దని ముందే కోరవచ్చు. గోప్యత పాటించడం దుబాసీ వృత్తి నియమం.

కాన్పు ముందు, తరువాత వచ్చే దిగులు కోసమే ప్యాండా అనే సంస్థ 1300 726 306లో ఉచితంగా మాట్లాడుతుంది. భర్తలు కూడా చేయవచ్చు, మీరే ముందు చేసి ఏం చేయాలో అడగవచ్చు. ఇవి కాక, 2021లో వచ్చిన విక్టోరియా మానసిక ఆరోగ్య రాయల్ కమిషన్ (ప్రభుత్వ విచారణ సంఘం) నివేదిక సిఫారసు మీద మెంటల్ హెల్త్ అండ్ వెల్‌బీయింగ్ లోకల్స్ అనే కేంద్రాలు వెలిశాయి. 26 ఏళ్లు నిండిన వారికి అక్కడ సేవ ఉచితం. డాక్టరు చీటీ అక్కరలేదు, మెడికేర్ కార్డూ అక్కరలేదు. మొదట తెరిచిన వాటిలో బ్రింబ్యాంక్ కేంద్రం ఒకటి, అది మన పడమటి వైపే. ఒకవేళ ఆవిడ చావు మాట ఎత్తినా, పాపకు హాని చేస్తానేమోనని భయపడినా, లేని మాటలు వినపడుతున్నాయని అన్నా ఇవేవీ చాలవు, వెంటనే అత్యవసర నంబరు 000కు ఫోన్ చేయండి లేదా దగ్గరి ఆసుపత్రి ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి. అప్పటిదాకా ఒంటరిగా వదలకండి. బిల్లు సంగతి తరువాత బీమా కంపెనీతో చూసుకోవచ్చు.

ఇప్పుడు మీ పని సంగతి. నా స్వంత విషయం కొంచెం చెప్పక తప్పదు. నేను వచ్చిన కొత్తలో ఒక ప్యాకింగ్ షెడ్‌లో పద్దెనిమిది నెలలు పనిచేశాను. చేతికి నగదు ఇచ్చేవారు. గంటకు రావలసిన దానిలో సగానికి కాస్త ఎక్కువ వచ్చేది, చీటీ లేదు. అడిగితే మాటొస్తుందని ఊరుకున్నాను. పక్కింట్లో ఒక ముసలి మాల్టా దేశస్థురాలు ఉండేది. నా చేతి వేళ్లు పగిలి ఉండడం చూసి కారణం అడిగి, నేబర్‌హుడ్ హౌస్ అనే వీధివాళ్ల సాయ కేంద్రానికి చెయ్యి పట్టుకుని తీసుకెళ్లింది. ఆ ఇంట్లోనే నాకు ఇంగ్లీషు తరగతి దొరికింది, తరువాత చదువు దొరికింది, చివరికి ఉద్యోగం దొరికింది. కానీ ఆ బకాయి మాత్రం రాలేదు. తక్కువ ఇచ్చిన జీతాన్ని ఆరేళ్లలోపు అడగాలి. నాకు ఆ సంగతి తెలిసేసరికి ఏడేళ్లు దాటింది. మీకు ఆ గడువు ఇంకా చాలా ఉంది.

మెల్‌బోర్న్ నగరంలో విక్టోరియా వీధి, రసెల్ వీధి కలిసే చోట ఒక స్తంభం మీద మూడు ఎనిమిదులు కనిపిస్తాయి. 1856లో ఈ ఊరి రాతిపనివాళ్లు పని ఆపి ఎనిమిది గంటల పనిదినాన్ని సాధించుకున్న దానికి గుర్తు అది. ఎనిమిది గంటలు పని, ఎనిమిది గంటలు నిద్ర, ఎనిమిది గంటలు మనిషి స్వంతం అని దాని అర్థం. ఇప్పుడు చట్టప్రకారం వారానికి 38 గంటలు మామూలు పని, దానికి మించి అడిగేది సహేతుకంగా ఉండాలి. మీ రంగానికి ఉన్న అవార్డు (జీతాలూ పని షరతులూ చెప్పే నిబంధనల పత్రం) ప్రకారం ఓవర్‌టైముకూ, ఆదివారాలకూ, పండుగ సెలవులకూ రేటు వేరు. దేశం మొత్తానికి కనీస వేతనం 2025 జూలైలో గంటకు 24.95 డాలర్లు అయింది. మీ రంగం అవార్డులో షెఫ్ రేటు అనుభవాన్ని బట్టి దానికన్నా ఎక్కువే ఉంటుంది. మీ వీసా కోసం యజమాని పెట్టిన నామినేషన్‌లో రాసిన జీతం స్పాన్సర్‌షిప్ షరతు కాబట్టి అది మీకు పూర్తిగా అందాలి. బ్యాంకులో వేసి వెనక్కి తీసుకోవడం తక్కువ ఇవ్వడమే, దానికి ఇక్కడ క్యాష్‌బ్యాక్ అని పేరు కూడా ఉంది. స్పాన్సర్‌షిప్ ఇస్తాను డబ్బివ్వమనడం 2015 చివరి నుంచి నేరం. ఉద్దేశపూర్వకంగా జీతం ఎగ్గొట్టడం 2025 జనవరి 1 నుంచి క్రిమినల్ నేరమైంది.

ఈ క్యాష్‌బ్యాక్ కథ ఈ దేశానికి కొత్త కాదు. 2015లో సెవెన్-ఇలెవన్ దుకాణాలు పనివాళ్లకు జీతం తక్కువ ఇచ్చిన వ్యవహారం బయటపడినప్పుడు మోసపోయిన వారిలో పెద్ద సంఖ్యలో మన దేశపు విద్యార్థులు ఉన్నారు. చివరికి పదిహేను కోట్ల డాలర్లకు పైగా బకాయిలు పనివాళ్లకు తిరిగి వచ్చాయి. దాని ఫలితంగానే 2017లో చట్టం మారింది. యజమాని లెక్కలు ఉంచకపోయినా, పే స్లిప్ ఇవ్వకపోయినా, పనివాడు చెప్పిన గంటలు తప్పని నిరూపించవలసిన భారం యజమాని మీదే పడుతుంది. అందుకని ఈ రాత్రి నుంచే ఒక నోటుబుక్కులో తేదీ వేసి ఎన్నింటికి వెళ్లారో, ఎన్నింటికి వచ్చారో, ఎంత నగదు ఎవరి చేతికి ఇచ్చారో రాయండి. తెలుగులో రాసినా ఫరవాలేదు, అవసరమైతే గుర్తింపు ఉన్న అనువాదకులు ఇంగ్లీషులో పెడతారు. రోస్టరు ఫోటోలు, వాట్సాప్ సందేశాలు, డబ్బు ఇచ్చే ముందు ఏటీఎంలో తీసిన రోజుల బ్యాంకు స్టేట్‌మెంట్లు ఒకచోట చేర్చి మీ స్వంత మెయిల్‌లో దాచుకోండి. రెస్టారెంటు కంప్యూటర్‌లోనో, రెస్టారెంటు ఇచ్చిన ఫోన్‌లోనో ఉంచకండి.

వీసా భయానికి వద్దాం. ఇది పూర్తిగా ఉత్త భయం అనలేను, కానీ మీ యజమాని చెప్పినంత పెద్దది కాదు. వీసా రద్దు చేసే అధికారం ఆయనకు లేదు. ఆయన చేయగలిగింది మీరు మానేశారని వీసాలు చూసే హోం అఫైర్స్ శాఖకు తెలియజేయడమే. ఒకప్పుడు అలా మానేస్తే కొత్త స్పాన్సర్‌ను వెతుక్కోవడానికి అరవై రోజులే ఉండేవి. మనవాళ్ల మాటల్లో ఇప్పటికీ ఆ అరవై రోజుల లెక్కే తిరుగుతోంది. 2024 జూలై 1 నుంచి ఒక్కొక్కసారి 180 రోజుల దాకా, ఆ వీసా కాలం మొత్తం మీద 365 రోజుల దాకా గడువు ఉంది. ఆ గడువులో వేరే చోట పని చేసుకుని ఇల్లు గడుపుకోవచ్చు కూడా. పర్మనెంట్ రెసిడెన్సీకి కావలసిన రెండేళ్ల అనుభవం ఒకే యజమాని దగ్గర ఉండాలన్న పట్టు 2024 డిసెంబరులో సడలింది. ఆమోదం ఉన్న మరో స్పాన్సర్ దగ్గర చేసిన పని కూడా లెక్కకు వస్తుంది. అంటే మీరు గడిపిన ఈ రెండేళ్లూ ఆయన జేబులో తాకట్టు పడిన వస్తువు కాదు. పని దోపిడీకి గురైనవారి కోసం 2024లోనే వర్క్‌ప్లేస్ జస్టిస్ వీసా అని ఒక తాత్కాలిక వీసా కూడా ప్రయోగాత్మకంగా మొదలైంది. ఫిర్యాదు నడిచే కాలంలో దేశంలో ఉండడానికి అది కొందరికి పనికొస్తుంది.

ఇంతమాత్రాన రేపు పొద్దున్నే వంటగదిలో యజమానిని నిలదీయమని నేను చెప్పడం లేదు. ఆ తప్పు చేసి, సాక్ష్యం లేక, కొత్త ఉద్యోగం చూసుకోక ఇబ్బంది పడ్డవాళ్లున్నారు. ముందు కాగితాలు, తరువాత సలహా, ఆ తరువాత కొత్త స్పాన్సర్ కోసం గుట్టుగా వెతుకులాట, చివరిగా ఫిర్యాదు. మన శివార్లలో వెస్ట్‌జస్టిస్ అనే కమ్యూనిటీ లీగల్ సెంటర్ (న్యాయ సలహా కేంద్రం) ఉంది, ఉచితం. ఆ ఎనిమిదుల స్తంభానికి ఎదురుగా ఉన్న కార్మిక సంఘాల భవనం ట్రేడ్స్ హాల్‌లో మైగ్రెంట్ వర్కర్స్ సెంటర్ ఉంది, అది కూడా వీసా ఏమిటని చూడకుండా సలహా ఇస్తుంది. పనివాళ్ల హక్కుల చట్టం అమలును చూసే ప్రభుత్వ సంస్థ ఫెయిర్ వర్క్ ఆంబుడ్స్‌మన్ నంబరు 13 13 94. పేరు చెప్పకుండా కూడా వాళ్లకు సమాచారం ఇవ్వవచ్చు, కానీ పేరు లేని ఫిర్యాదుతో మీ డబ్బు మీకు తిరిగి రాదు. బకాయి లక్ష డాలర్లలోపు అయితే చిన్న దావాల పద్ధతిలో కోర్టులో అడగవచ్చు. మిమ్మల్ని పనిలోంచి తీసేస్తే ఉద్యోగ వివాదాలు తేల్చే ఫెయిర్ వర్క్ కమిషన్‌కు దరఖాస్తు 21 రోజుల్లోపు చేరాలి. ఈ ఒక్క గడువును మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టుకోండి, అది దాటితే మినహాయింపు దొరకడం కష్టం. వీసా విషయంలో సలహా ఇచ్చేవారికి మారా (వీసా ఏజెంట్లను నమోదు చేసే ప్రభుత్వ విభాగం) రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి, లేదా వారు వకీలై ఉండాలి. "మా కన్సల్టెన్సీలో అన్నీ చూసుకుంటాం" అనే పెద్దమనిషిని ఆ నంబరు అడగండి. సమాధానం ఎంతసేపటికి వస్తుందో చూస్తే మీకే తెలుస్తుంది.

పరువు సంగతి మీరు రాశారు కాబట్టి దాని గురించి నా అభిప్రాయం చెప్తాను, కొందరికి నచ్చకపోవచ్చు. మన తెలుగువాళ్లం పెద్ద ఆపదకు కొండంత అండగా నిలబడతాం. ఎవరైనా కుర్రవాడు కారు ప్రమాదంలో పోతే, భౌతికకాయాన్ని ఊరికి పంపడానికి రెండు రోజుల్లో వేల డాలర్లు పోగుచేస్తాం. అది నేను కళ్లారా చూశాను, అందులో పాలుపంచుకున్నాను. కానీ అదే కుర్రవాడు ఆరు నెలలుగా కార్తీకమాసం వనభోజనాలకూ, ఉగాది కార్యక్రమానికీ రావడం మానేశాడని గమనించం. గమనించినా "డబ్బు సంపాదనలో పడ్డాడు" అని నవ్వేసి ఊరుకుంటాం. కనిపించే కష్టానికి మనలో ఏర్పాటు ఉంది, కనిపించని కష్టానికి లేదు. అందువల్ల మీరు అందరికీ చెప్పనక్కరలేదు. ఒక్క కుటుంబాన్ని ఎంచుకోండి, వీలైతే మీకన్నా పదేళ్ల ముందు వచ్చిన వాళ్లను. "మా ఇంట్లో ఆవిడకు ఒంట్లో బాగాలేదు, వారానికి రెండు సార్లు మధ్యాహ్నం ఒక గంట వచ్చి కూర్చుంటారా?" అని నేరుగా అడగండి. డబ్బు సాయం అడిగితే తప్పించుకునేవాళ్లు కూడా ఇటువంటి సాయానికి కాదనరు. వచ్చినప్పుడు పప్పన్నం తెస్తామంటే మొహమాటపడి వద్దనకండి.

తెలుగు వలయం బయట కూడా ఆవిడకు మనుషులు కావాలి, ఎందుకంటే మన వలయంలో ఆవిడ ఎప్పుడూ ఫలానా వారి భార్యే. తొలి బిడ్డ తల్లులను నర్సులు అయిదారు వారాలు ఒకచోట కూర్చోబెట్టే బృందాలు ఉంటాయి. ఆవిడ బృందం దాటిపోయినా పక్క ప్లేగ్రూపులో చేర్చమని అడగవచ్చు. లైబ్రరీలో పసిపిల్లలకు పాటలు, కథలు చెప్పే పూటలు ఉంటాయి, రుసుము లేదు, పేరు కూడా ఇవ్వక్కరలేని చోట్లు ఉన్నాయి. తోపుడుబండిలో పాపను తోసుకుంటూ వెళ్లి వెనుక వరుసలో కూర్చున్నా చాలు, మొదటి రెండు సార్లు ఎవరితోనూ మాట్లాడకపోయినా ఫరవాలేదు. పాఠం చెప్పిన మనిషి కదా, ఆరోగ్యం కుదుటపడ్డాక వారాంతపు తెలుగు బడిలో స్వచ్ఛందంగా చెప్పడం ఆవిడకు మందుకన్నా ఎక్కువ పనిచేయవచ్చు. పిల్లలతో పనిచేయడానికి కావలసిన నేపథ్య తనిఖీ ఇక్కడ స్వచ్ఛంద సేవకులకు ఉచితం. మీ వీసాలో భాగస్వామిగా ఆవిడకు ఉద్యోగం చేసే హక్కు పూర్తిగా ఉంది. అయితే ఆ ఆలోచన ఇప్పుడే ఆవిడ నెత్తిన పెట్టకండి.

మీరు కూడా మనిషే. అరవై గంటల పని, దాచుకున్న అవమానం, ఇంట్లో దిగులు కలిసి ఒక మగవాణ్ణి ఎక్కడికి తీసుకెళ్తాయో నాకు తెలుసు. మనసు బాగాలేనప్పుడు మాట్లాడే లైఫ్‌లైన్ నంబరు 13 11 14, ఏ వేళైనా. ఇక్కడి ముసలివాళ్లు చేరి చెక్కపని వంటివి చేసుకునే మెన్స్ షెడ్లలో ఒక తమాషా గమనించాను. ఎదురెదురుగా కూర్చోబెడితే పెదవి విప్పని మగవాళ్లు పక్కపక్కన నిలబడి చెక్కకు చిత్రిక పడుతూ మాత్రం అన్నీ చెప్పుకుంటారు. మీకు షెడ్డుకు వెళ్లే తీరిక లేదు. మీకున్న ఒక్క సెలవు రోజున మన కుర్రాళ్ల క్రికెట్ నెట్స్ దగ్గర గంటసేపు నిలబడండి.

వెనక్కి వెళ్లడం గురించి. అది ఓటమి అని నేను అనను. ఆవిడ ఆరోగ్యానికి పుట్టిల్లే సరైన చోటని డాక్టరు, మీరు, ముఖ్యంగా ఆవిడ అనుకుంటే వెళ్లండి. కాకపోతే భయంతో వెళ్లే ముందు రెండు పనులు చేయండి. ఒకటి, మీ సూపర్ (పదవీ విరమణ పొదుపు) ఖాతాలో యజమాని సొమ్ము వేస్తున్నారో లేదో పన్నుల శాఖ వెబ్‌సైటులో చూడండి. 2025 జూలై నుంచి అది జీతంలో 12 శాతం. తాత్కాలిక వీసా వారు దేశం విడిచాక దాన్ని వెనక్కి తీసుకోవచ్చు, సాధారణంగా 35 శాతం పన్ను పోతుంది. రెండు, సాక్ష్యాలన్నీ వెంట తీసుకెళ్లండి. దేశం దాటినంత మాత్రాన బకాయి హక్కు పోదు. మధ్యే మార్గం కూడా ఒకటి ఉంది. మీ అత్తగారిని విజిటర్ వీసా మీద మూడు నెలలు రప్పించగలరా? ఆ దరఖాస్తుకు కూతురి కాన్పు తరువాతి అనారోగ్యం గురించి నర్సో డాక్టరో ఇచ్చే ఉత్తరం జత చేయండి. నర్సు దగ్గరకు వెళ్లినప్పుడు ఆ ఉత్తరం కూడా అడగండి. వెళ్లే రోజు యజమానికి "పాపకు అపాయింట్‌మెంటు ఉంది" అని మాత్రం చెప్పండి, అంతకన్నా వివరం ఇవ్వవలసిన పని లేదు. జీతంతో కూడిన పది రోజుల పర్సనల్ అండ్ కేరర్స్ లీవు మీకు ఏటా ఉంది, అనారోగ్యంగా ఉన్న ఇంటివాళ్లను చూసుకోవడానికి కూడా అది పనికొస్తుంది.